నాగజెముడు చుట్టాల ఊళ్ళో ఒక పూట

మా అమ్మానాన్న అమెరికాలో మేముండే చాండ్లర్‌కి (అరిజోనాలో ఫీనిక్స్ పక్క ఊరు) రాకముందే మా ఆయన వాళ్ళకి చూపించాల్సినవాటి లిస్టు తయారుచేసి పెట్టుకున్నాడు. గ్రాండ్ కాన్యన్, సెడోనా, వేగస్. అన్నీ చూపించాం. అమ్మ ప్రతిచోటా ఫొటోలు దిగి మా పిన్నికి పంపింది. నాన్న మాత్రం గ్రాండ్ కాన్యన్ అంచున కాసేపు నిలబడి, "మన గండికోట సూసినాం గదా, ఇది ఇంకా పెద్దది" అని ఊరుకున్నాడు. వేగస్‌లో రాత్రంతా వెలిగే లైట్లు చూసి ఆయన అడిగింది ఒక్కటే, కరెంటు బిల్లు ఎవరు కడతారని.

నాన్నది కమలాపురం దగ్గర పల్లె. వానని నమ్ముకుని శనగ, పొద్దుతిరుగుడు వేసిన మనిషి. ఆయనకి భవనాలూ లైట్లూ కాదు, నేల చూపించాలని నాకప్పుడు తట్టింది. ఫీనిక్స్ చుట్టూ ఎడారి నడకలకి కొదవ లేదు కానీ పేరున్నవాటిలో చాలావరకు రాళ్ళు పట్టుకుని ఎక్కేవి. అమ్మకి మోకాళ్ళ నొప్పి. మైలు లోపు ఉండాలి, ఎక్కుడు తక్కువుండాలి, దగ్గర్లో బాత్‌రూమ్ ఉండాలి, కూర్చుని అన్నం తినడానికి నీడ ఉండాలి. ఇన్ని కండిషన్లు పెట్టుకుని వెతికితే తేలింది టూసాన్ పక్కనున్న సవారో నేషనల్ పార్కు. సవారో అంటే నాగజెముడు చుట్టమే, చెట్టంత ఎత్తు పెరిగే కాక్టస్.

ఈ పార్కు రెండు ముక్కలు. టూసాన్ ఊరు మధ్యలో ఉంటే, తూర్పున రింకన్ కొండల వైపు ఒకటి, పడమట టూసాన్ కొండల వైపు ఒకటి. తూర్పు ముక్కని 1933లోనే రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, పడమటిది 1961లో కలిసింది, రెండూ కలిపి నేషనల్ పార్కు అయింది 1994లో. సవారోలు ఒత్తుగా ఉండేది పడమట. పైగా మాకు దారి కూడా అటే కలిసొస్తుంది. అందుకని పడమటికే వెళ్ళాం.

మార్చి చివర్లో బయల్దేరాం. ఈ నెల సంగతి గట్టిగా చెప్పాలి. ఇక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకానే మామూలు మనుషులు నడిచే కాలం. జూన్‌లో టూసాన్‌లో 38, 40 డిగ్రీలు రోజూ ఉండేదే, నీడ అన్నమాట ఉండదు. ఊరి నుంచి ఎండాకాలంలో వచ్చిన పెద్దవాళ్ళని, "మన కడప ఎండ చూసినవాళ్ళేగా" అని మధ్యాహ్నం ఎడారికి తీసుకెళ్ళేవాళ్ళని చూశాను. కడప ఎండలో మధ్యాహ్నం పన్నెండుకి ఎవరూ సరదాకి నడవరు, ఆ సంగతి మర్చిపోతారు.

సంచిలో ఏం పెట్టుకున్నామో చెప్తాను, ఎందుకంటే నడక చిన్నదైనా ఇక్కడ సంచి ముఖ్యం. మనిషికి లీటరున్నర నీళ్ళు, కారులో ఇంకో గ్యాలను. పెద్ద ఫ్లాస్కులో ఉప్పేసిన మజ్జిగ. పులిహోర, పెరుగన్నం, మాగాయ. టోపీలు. నాన్న టోపీ వద్దని తువ్వాలు తలకి చుట్టుకున్నాడు, నిజానికి అదే మేలు. అమ్మ చీర మీద స్పోర్ట్స్ షూ. వీటన్నిటితో పాటు ఒక పళ్ళు వెడల్పాటి దువ్వెన, ఒక ట్వీజర్. దువ్వెన ఎందుకే అని అమ్మ అడిగింది. తర్వాత చెప్తాలే అన్నాను.

చాండ్లర్ నుంచి ఐ-టెన్ హైవే మీద రెండు గంటల లోపే. మధ్యలో పికాచో పీక్ అనే కొండ ఒంటరిగా నిలబడి కనిపిస్తుంది. అది దాటాక అవ్రా వ్యాలీ రోడ్డుకి దిగి పడమటికి, అక్కణ్ణుంచి సాండరియో రోడ్డు మీద దక్షిణానికి. ఊళ్ళు పల్చబడి, దూరంగా నీలంగా ఉన్న కొండలు దగ్గరకొచ్చేసరికి గోధుమరంగులోకి మారాయి. వాటి వాలంతా నిటారుగా ఏవో గుచ్చినట్టున్నాయి. నాన్న కారు అద్దం దించి, "అవేంది, కరెంటు స్తంభాలా?" అన్నాడు. కాదు నాన్నా, అన్నీ చెట్లే అన్నాను. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఎంట్రీ ఫీజు కారుకి 25 డాలర్లు, వారం దాకా చెల్లుతుంది, రెండు వైపులా పనికొస్తుంది. మా దగ్గర గ్రాండ్ కాన్యన్‌లో 80 డాలర్లకి కొన్న ఏడాది పాస్ ఉంది కాబట్టి అదే చూపించాం. ముందు విజిటర్ సెంటర్‌కి వెళ్ళండి, దాన్ని దాటేసి పోకండి. మంచినీళ్ళు దొరికేది అక్కడే. లోపల పిక్నిక్ చోట్ల బాత్‌రూములు ఉంటాయి గానీ నీళ్ళు ఉండవు. సెంటర్లో ఒక చిన్న షో వేస్తారు. ఈ నేల మీద ఎప్పటినుంచో ఉన్న తొహోనో ఓధమ్ జనం ఈ చెట్లని ఎలా చూస్తారో అందులో చెప్తారు. వాళ్ళకి సవారోలు మొక్కలు కావు, మనుషుల్లాంటివాళ్ళు. అమ్మకి ఇంగ్లీషు సగమే అర్థమైనా ఆ మాటకి తల ఊపింది. మా ఊళ్ళో రావిచెట్టుకి వేపచెట్టుతో పెళ్ళి చేసినప్పుడు పెళ్ళిభోజనాలు వండిన చెయ్యి ఆమెది. షో అయిపోగానే తెర తొలిగి, అద్దాల వెనక ఎడారి ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

దగ్గర్లోనే డెజర్ట్ డిస్కవరీ అని అర మైలు దారి ఉంది. సిమెంటు బాట, వీల్‌చెయిర్ కూడా పోతుంది. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి ముందు అక్కడ నడిచాం. ఇరవై నిమిషాల దారి అన్నారు. మాకు గంటకి పైగా పట్టింది, కారణం నాన్న.

బాట మొదట్లోనే ఒక చెట్టు దగ్గర ఆగిపోయాడు. సన్న ఆకులు, ముళ్ళు, వంకర కొమ్మలు. "ఇదేంది పాపా, మన సర్కారు తుమ్మ గదా!" అన్నాడు. బోర్డు మీద మెస్కీట్ అని ఉంది. నాన్న చెప్పింది దాదాపు నిజమే. ఇది దాని అన్నదమ్ముల జాతి. మన పొలాల గట్ల మీద, చెరువుల్లో, రైలు కట్టల వెంబడి అల్లుకుపోయిన సర్కారు తుమ్మ మనది కాదు. వంటచెరకు కరువు తీరుతుందని తెల్లదొరల కాలంలో అమెరికా వైపు నుంచి విత్తనాలు తెప్పించారు. 1877లో వాటిని నాటించినచోటు మా కమలాపురమే. ఈ సంగతి నేను చెప్తే నాన్న నమ్మలేదు. "మన ఊరినుంచే మొదలైందా ఈ పీడ?" అన్నాడు. జీవితమంతా గొడ్డలితో దాన్ని నరుక్కుంటూ, మళ్ళీ చిగురేస్తే తిట్టుకుంటూ బతికిన మనిషి. బొగ్గుల బట్టీల వాళ్ళకి అమ్మిన డబ్బులు మాత్రం ఆయన లెక్కలో రావు.

ఇక్కడ అది పీడ కాదు. ఇక్కడి పాత జనం దాని కాయల్ని దంచి పిండి చేసుకుని తిన్నారు. సవారోకి అది పెంపుడు తల్లి కూడా. సవారో గింజ ఎండలో పడితే మొలకెత్తినా బతకదు. మెస్కీటో, పాలో వెర్డీయో, ఐరన్‌వుడ్డో, ఏదో ఒక చెట్టు నీడలో పడాలి. వేసవి ఎండ నుంచి, చలికాలం మంచు నుంచి, మేసే నోళ్ళ నుంచి ఆ చెట్టే దాన్ని కాపాడుతుంది. దాని నీడలో అది ఎదిగే తీరు వింటే ఓపిక నశిస్తుంది. మొదటి ఎనిమిదేళ్ళలో అంగుళం, మహా అయితే అంగుళంన్నర. పువ్వు పూయాలంటే 35 ఏళ్ళు. పక్కన మొదటి చెయ్యి రావాలంటే 50 నుంచి 75 ఏళ్ళు. 125 ఏళ్ళకి గానీ పెద్దమనిషి లెక్కలోకి రాదు. ఆ తర్వాత 150, 175 ఏళ్ళ దాకా, కొన్ని ఇంకా ఎక్కువే బతుకుతాయి, నలభై యాభై అడుగులు పెరుగుతాయి.

నాన్నకి ఇది బాగా పట్టింది. అక్కణ్ణుంచి ప్రతి సవారో వయసు ఆయనే లెక్క కట్టడం మొదలుపెట్టాడు. మనిషి కంటే కాస్త ఎత్తున్న ఒకదాన్ని చూసి "ఇది మీ ఈడుది నాయనా" అని మా ఆయనకి చూపించాడు. అప్పుడే భుజం దగ్గర బుడిపెలా చెయ్యి మొలుస్తున్న ఒకటి కనిపించింది. "ఇదీ నేనూ ఒక పంట కాలంలో పుట్టినట్టుండాం" అన్నాడు. నాన్నకి అరవై ఎనిమిది. అమ్మ వెంటనే, "దానికి ఇప్పుడు చేతులొస్తాండాయి, నీకు పోతాండాయి" అంది. భుజం నొప్పికి ఆయన రోజూ వేసుకునే మాత్రల గురించి.

సవారో ఒంటి మీద పై నుంచి కింద దాకా మడతలుంటాయి. వాన పడితే ఆ మడతలు విప్పుకుని ఒళ్ళు లావవుతుంది, ఎండాకాలం మళ్ళీ ముడుచుకుంటుంది. వేళ్ళు లోతుకి పోవు. చాలావరకు నాలుగైదు అంగుళాల లోతులోనే ఉంటాయి, కానీ చెట్టు ఎంత ఎత్తుంటే దాదాపు అంత దూరం చుట్టూ పరుచుకుంటాయి. చిన్న జల్లు పడినా ఒక్క బొట్టు వదలవు. నాన్న అడిగాడు, "ఈడ వాన ఎంత పడతాది పాపా?" ఏడాదికి 280, 300 మిల్లీమీటర్లు అన్నాను. "మన కడపలో పడేదాంట్లో సగం గూడా ల్యా!" అన్నాడు. కడపని ఎండిన జిల్లా అని, కరువు జిల్లా అని విని విని అలసిపోయిన మనిషి మొహంలో ఆశ్చర్యం చూశాను. చుట్టూ చూస్తే బోడి నేల ఎక్కడా లేదు. బ్రిటిల్‌బుష్ పొదలు గుట్టల మీద పసుపు పరిచినట్టు పూసి ఉన్నాయి, పాలో వెర్డీ కాండం దాకా ఆకుపచ్చ. ఆకులు రాల్చేసుకుని, బెరడుతోనే ఆహారం తయారుచేసుకునే చెట్టు అది. వానలు ఏడాదికి రెండు కాలాల్లో పడటం వల్ల ఈ సొనోరన్ ఎడారి ఇంత పచ్చగా ఉంటుంది. చలికాలం మెల్లగా కురిసే ముసురు ఒకటి, జూలై ఆగస్టుల్లో ఉరుములతో పడేది ఒకటి. ఆ రెండోదాన్ని ఇక్కడివాళ్ళు కూడా మాన్‌సూన్ అనే అంటారు.

అక్కడినుంచి బహాడా లూప్. కొండ వాలు వెంబడి తిరిగి వచ్చే అయిదారు మైళ్ళ మట్టిరోడ్డు, కొంత దూరం వన్‌వే. మా మామూలు కారు బాగానే పోయింది, గతుకుల్లో అమ్మ గాజులు మోగాయి అంతే. ఆ దారిలోనే ఉంది మేం వచ్చిన అసలు నడక, వ్యాలీ వ్యూ ఓవర్‌లుక్. పోను రాను కలిపి 0.8 మైలు. పార్కింగు చిన్నది, పొద్దున్నే పోతేనే చోటు దొరుకుతుంది. మేం పదికి చేరాం, ఒకే ఒక్క ఖాళీ ఉంది.

దారి మొదట్లో రెండు వంకలు దాటాలి. పొడి ఇసుక వంకలు, మన వైపు వంకల్లాగే వానొస్తే ఒక్కసారిగా పొర్లుతాయి. ఎక్కడో కొండ మీద వాన పడి ఇక్కడ నీళ్ళు రావచ్చు, అందుకని మబ్బు పట్టినప్పుడు వీటిల్లో నిలబడొద్దంటారు. నాన్నకి ఇది చెప్పక్కర్లేదు. పాపాఘ్ని ఒడ్డు మనిషి. వంకలోకి దిగి, ఇసుక చేత్తో తీసి చూసి, "ఈ మధ్య పారింది" అని తేల్చేశాడు.

వంకలు దాటాక దారి మెల్లగా గట్టు ఎక్కుతుంది. కాళ్ళ కింద చిన్న రాళ్ళు, అక్కడక్కడా రాతి మెట్లు. అమ్మ అలిపిరి మెట్లతో పోల్చుకుని ధైర్యం తెచ్చుకుంది. ఈ దారి ఈజీ అంటే ఎత్తు తక్కువ, దూరం తక్కువ అని. రెండు పక్కలా ఉన్నవి మాత్రం ఈజీ కావు. చోయా అని ఒక కాక్టస్ ఉంది. కొత్త ముళ్ళు ఎండలో వెండి రంగులో మెరుస్తాయి, దూరం నుంచి మెత్తగా, ముద్దుగా ఉంటుంది. దాని కొమ్మ ముక్కలు ముక్కలుగా అతుక్కుని ఉంటుంది, ఒక్క ముక్క కాస్త తగిలితే చాలు ఊడొచ్చి అంటుకుపోతుంది. ముల్లుకి వెనక్కి తిరిగిన సన్న కొక్కేలుంటాయి కాబట్టి లాగితే ఇంకా లోపలికి పోతుంది. రాలిన ముక్కలు దారి పక్కనే పడి ఉంటాయి, అక్కడే వేళ్ళూని కొత్త మొక్కలవుతాయి.

అనుకున్నట్టే అమ్మ చీర అంచుకి ఒకటి తగులుకుంది. అమ్మ వెంటనే చెయ్యి చాపింది, మా ఆయన "అత్తా, ముట్టుకోవద్దు!" అని గట్టిగా అరిచాడు. పెళ్ళయ్యాక ఆయన మా అమ్మ మీద గొంతు పెంచింది అదొక్కసారే. అప్పుడు దువ్వెన తీశాను. బట్టకీ ముక్కకీ మధ్య దువ్వెన పళ్ళు దూర్చి, మనుషులెవరూ లేని వైపుకి ఒక్క విసురు. ఎగిరిపోయింది. చీరలో విరిగి మిగిలిన ముళ్ళని ట్వీజర్‌తో తీశాం. చర్మానికి పట్టుకున్నా ఇదే పద్ధతి, నొప్పి మాత్రం తప్పదు. "చీర ఏమన్నా చిరిగిందేమో చూడే" అని అమ్మ కంగారు పడింది. చిరగలేదు, ఒక పోగు లేచింది. ఆ మిగతా దారంతా కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, బాట మధ్యలోనే నడిచింది. చీర కట్టుకునేవాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు ముందే కుచ్చెళ్ళకి ఒక పిన్ను పెట్టించడం మంచిది.

నాన్నకి ఎదురైనవి వేరు. సవారో ఒంటి మీద గుండ్రటి బొక్కలు కనిపించాయి. వడ్రంగి పిట్టలు తొలుస్తాయి. గాయం లోపల చెట్టు గట్టి పెచ్చు కట్టుకుంటుంది, నీరు ఆరిపోకుండా. పిట్ట ఖాళీ చేసి పోయాక చిన్న గుడ్లగూబలు చేరతాయి. చెట్టు చచ్చి కండంతా కుళ్ళిపోయాక ఆ పెచ్చు మాత్రం అలాగే మిగులుతుంది. విజిటర్ సెంటర్లో ఒకటి చూశాం, అచ్చం ఎండిన సొరకాయ బుర్రే. పూర్వం వస్తువులు దాచుకోవడానికి వాడేవారట. చచ్చిన సవారో ఒకటి దారి పక్కన నిలబడి ఉంది. లోపలి నుంచి పొడుగాటి కట్టె బద్దలు బయటపడ్డాయి. కాక్టస్ లోపల కట్టె ఉంటుందని నాన్న ఊహించలేదు, చుట్టూ తిరిగి చూశాడు. జూన్ చివర్లో తొహోనో ఓధమ్ వాళ్ళు ఆ బద్దల్నే జోడించి పొడుగు గడ కట్టుకుని, సవారో తల మీది ఎర్ర పళ్ళని రాలగొడతారు. పాకం కాస్తారు, దాంతో సారాలాంటిది పులియబెట్టి వానల్ని పిలిచే పండగ చేస్తారు. వాళ్ళ కొత్త సంవత్సరం అప్పుడే. పార్కులో పళ్ళు కోసే హక్కు వాళ్ళకి ఇప్పటికీ ఉంది. మనలాంటివాళ్ళు ఒక రాయి కూడా తీసుకెళ్ళకూడదు. సవారోని నరికినా తవ్వి ఎత్తుకుపోయినా అరిజోనా చట్టం ప్రకారం పెద్ద నేరం. దొంగలు ఎత్తుకెళ్ళి తోటలకి అమ్ముతుంటే కొన్ని చెట్లకి మైక్రోచిప్పులు పెట్టారు. గొర్రెలకి ట్యాగులు వేసినట్టా అని నాన్న నవ్వాడు.

గట్టు పైకి చేరాక అవ్రా లోయ మొత్తం పరుచుకుంది. ఉత్తరాన పొద్దున దాటొచ్చిన పికాచో పీక్, పడమట ఒకదాని వెనక ఒకటి పొరలుగా కొండలు. వాలు పొడుగునా వేల సవారోలు, ఎండకి ఒక పక్క తెల్లగా, ఒక పక్క నల్లగా. ఆకు లేని కర్రల్లాంటి ఒకొటీయో కొమ్మల చివర్లు ఎర్రగా పువ్వు తొడుగుతున్నాయి. గాలి బాగా తోలుతోంది. అమ్మ ఒక రాతి మీద కూర్చుని మజ్జిగ తాగింది. ఆ రాయి చుట్టూ నాన్న ముందుగా కట్టెతో తట్టి చూశాడు. ఆయన ఇది పొలంలో నేర్చుకున్నాడు కానీ ఇక్కడా అవసరమే. ఈ పార్కులో రాటిల్‌స్నేకులనే విషపాములు ఆరు రకాలున్నాయి, మార్చికి అవి బయట తిరగడం మొదలవుతుంది. కనిపించని చోట చెయ్యి పెట్టకపోవడం, బాట వదలకపోవడం, ఈ రెండూ చాలు.

కింద లోయలో సాగు కనిపిస్తుంటే నాన్న ప్రశ్న మొదలైంది. నీళ్ళెక్కడివి? కొలరాడో నది నుంచి 336 మైళ్ళ కాలువ తవ్వారు, దారిలో దాదాపు 2,900 అడుగులు ఎత్తిపోస్తారు, టూసాన్ దాకా తెచ్చి ఈ అవ్రా లోయలోనే మడుగులు కట్టి భూమిలోకి ఇంకిస్తారు, తర్వాత బోర్లతో తోడుకుంటారు అన్నాను. ఆ రోజు ఆయనకి అన్నిటికంటే నచ్చింది ఈ ముక్కేనేమో. "తెచ్చి ఇంకిస్తారా?" అని రెండుసార్లు అడిగాడు. గండికోట నీళ్ళు ఏ ఊరికి ఎప్పుడొచ్చాయో, ఎవరి చెరువు నిండిందో, ఎవరిది నిండలేదో మా ఆయనకి వివరంగా చెప్పుకొచ్చాడు. పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటున్న అమెరికన్ జంటకి ఈ పెద్దాయన కొండల గురించి అంత ఆవేశంగా మాట్లాడుతున్నాడనిపించి ఉంటుంది.

దిగి, కారులో సిగ్నల్ హిల్ పిక్నిక్ చోటికి వెళ్ళాం. అక్కడి రాతి కట్టడాలు 1930ల్లో ఉద్యోగాల్లేని కుర్రాళ్ళకి ప్రభుత్వం పని కల్పించినప్పుడు కట్టినవి. మన కరువు పనుల్లాంటివే. నీడ చల్లగా ఉంది. పులిహోర బాగా కుదిరింది. ఎడారిలో మాగాయ పెరుగన్నం గురించి ఎక్కువ చెప్పను.

తిన్నాక చిన్న గుట్ట. మెట్లు కొంచెం నిటారుగా ఉన్నాయి కాబట్టి అమ్మ కిందే కూర్చుంది. పైన నల్లటి బండల మీద హోహోకమ్ జనం చెక్కిన బొమ్మలున్నాయి. వాళ్ళు ఈ ప్రాంతంలో సుమారు క్రీ.శ. 450 నుంచి 1450 దాకా బతికినవాళ్ళు. ఎండకీ గాలికీ రాయి మీద పట్టిన నల్లటి పొరని కొట్టి తీసేస్తే కింది లేతరంగు బయటపడుతుంది, అలా చెక్కారు. గొర్రెల్లాంటి జంతువులు, గీతలు, వీటన్నిటి పైన ఒక పెద్ద సుడి. మా ఆయన సూర్యుడన్నాడు. నాన్న, "సుడిగాలి. ఎండాకాలం సేన్లో లేస్తాది గదా, అది" అన్నాడు. వీళ్ళే ఫీనిక్స్ దగ్గర గిలా, సాల్ట్ నదుల నుంచి వందల మైళ్ళ కాలువలు చేత్తో తవ్వి పంటలు పండించారు. తర్వాత వచ్చినవాళ్ళు ఫీనిక్స్‌లో తవ్వుకున్న కాలువల్లో కొన్ని ఆ పాత జాడల మీదే ఉన్నాయి. చాండ్లర్‌లో రోజూ వాకింగ్‌కి వెళ్ళే కాలువ గట్టు గురించి నాన్న ఆ తర్వాత ఎప్పుడూ మామూలుగా మాట్లాడలేదు.

పార్కు బయటికొచ్చాక పెట్రోలు కోసం ఆగాం. బంకు పక్కన కంచె వెంబడి నాగజెముడు. అచ్చం మన నాగజెముడే, ఇక్కడ ప్రిక్లీ పేర్ అంటారు. దాని అట్టల మీద తెల్లటి దూదిలా ఏదో పట్టి ఉంది. "పిండినల్లి" అన్నాడు నాన్న, ఆగకుండా వేలితో నలిపాడు. వేలు ఎర్రగా, పారాణి పెట్టినట్టు అయిపోయింది. అమ్మ రక్తమనుకుని కేక పెట్టింది.

అది కొచినీల్ పురుగు. దాన్నుంచి తీసే ఎర్ర రంగుకి ఒకప్పుడు ప్రపంచమంతా గిరాకీ. ఈస్ట్ ఇండియా కంపెనీ మద్రాసు వైపు దీన్ని పెంచి సొమ్ము చేసుకోవాలని చూసింది. 1795లో వచ్చింది అసలు రంగు పురుగు కాదు, దాని చుట్టం. రంగు సరిగా రాలేదు గానీ అది ఒక రకం నాగజెముడుని తినేసింది. మళ్ళీ 1926లో సిలోన్ నుంచి ఇంకో రకం పురుగుని తెచ్చారు. ఈసారి రంగు కోసం కాదు, దక్షిణాదిలో పొలాలకి పొలాలు ఆక్రమించిన నాగజెముడుని చంపడానికే. నాన్నకి చటుక్కున గుర్తొచ్చింది. వాళ్ళ నాయన చెప్పేవాడట, ఊరి చుట్టూ మనిషి దూరలేనంత జెముడు ఉండేదని, పురుగు పడి అంతా చచ్చిపోయిందని. ఏ పురుగో ఇన్నాళ్ళూ ఆయనకి తెలీదు. ఎర్రబడ్డ వేలిని తువ్వాలుకి తుడుచుకోకుండా ఇంటిదాకా అలాగే ఉంచుకున్నాడు.

దారిలో మా ఆయన వేళాకోళంగా, "మామా, ఒక సవారో గింజ కూడా ఊరికి తీసుకెళ్దామా, గట్టు మీద వేద్దురు గానీ" అన్నాడు. "వద్దు నాయనా. ఈడినుంచి వచ్చినవాటికే ఇంకా కూలీ ఇస్తాండా" అన్నాడు నాన్న.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. మోకాళ్ళు అసలు సహకరించని పెద్దవాళ్ళుంటే పడమటి వైపు కంటే తూర్పు వైపు సుఖం. అక్కడ కాక్టస్ ఫారెస్ట్ లూప్ ఎనిమిది మైళ్ళు, మొత్తం తారురోడ్డు, కారు దిగకుండానే చాలా చూడొచ్చు. ఆ దారిలో పావు మైలు సిమెంటు నడక కూడా ఒకటుంది. చెట్లు పడమట ఉన్నంత ఒత్తుగా ఉండవు. వందేళ్ళ కిందట పశువుల్ని మేపి, సున్నపు బట్టీలకి కట్టెలు కొట్టి నీడచెట్లు పోగొట్టారు, దాంతో పిల్ల సవారోలు కూడా పోయాయి. మేపడం ఆపాక ఇప్పుడు మళ్ళీ మొలుస్తున్నాయి. నాన్న టికెట్ ఏప్రిల్ మూడో వారానికి. ఈలోపు అటు కూడా తీసుకుపొమ్మంటున్నాడు. అమ్మ ఈసారి పంజాబీ డ్రెస్ వేసుకుంటానంది.